సూపర్‌మాన్ చిత్రములు: ఒక తారతమ్య విచారము

గడచిన సెలవులలో మా ఇంట ఒక చిన్న సభ జరిగినది. సభ్యులు నలుగురు: మేము, మా గృహిణి, పదునాలుగేండ్ల మనుమడు, పదేండ్ల మనుమరాలు. సభ ముందున్న విషయము సూపర్‌మాన్ చిత్రములు. ఆ పాత్ర ఒక్కటియే నాయకుడుగా 1978 మొదలు 2025 వరకు వెలువడిన పెద్ద చిత్రములు ఏడు కలవు. ఇతర వీరులతో కలిసి అతడు కనిపించు చిత్రములను సభవారు మొదటనే తోసివేసిరి. పిల్లలు దినమున కొకటి చొప్పున ఏడింటిని మాకు చూపించి, ఎనిమిదవ నాడు కాగితము, కలము మా ముందు పెట్టిరి.

“తాతయ్యా, ఇన్నేళ్ళు బళ్ళో మార్కులు వేశావు గదా! వీటికీ వెయ్యి. ఏది ఫస్టో, ఏది లాస్టో తేల్చు,” అని మనుమని ఆజ్ఞ.

ముప్పది సంవత్సరములు పరీక్షాపత్రములు దిద్దినవారము గనుక ఆ పని మాకు తేలికగానే తోచినది. కాని కలము పట్టినపిదప చిక్కు తెలిసినది. తెలుగు పత్రమునకు తప్పొప్పుల పట్టిక ఉండును. ఆకాశమున ఎగురు మనుష్యుని కథకు కొలబద్ద యేది? మనుమడు పోరాటములను లెక్కింపుమనెను. మనుమరాలు కుక్క ఉన్న చిత్రమునకే ప్రథమ స్థానమని పట్టుబట్టినది. మా కొలబద్ద వేరు. అది యెట్టిదో చెప్పుటకు ముందు ఆ పాత్ర చరిత్రను కొంచెము తడవవలసియున్నది.

సూపర్‌మాన్ పుట్టినది సినిమాలో కాదు, కాగితముపై. అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరమున జెర్రీ సీగెల్ అను రచయిత, జో షూస్టర్ అను చిత్రకారుడు, ఇరువురును పేదకుటుంబముల యువకులు, అతనిని కల్పించిరి. 1938 జూన్ తేదీ గల ‘యాక్షన్ కామిక్స్’ తొలి సంచికలో అతడు లోకమునకు కనిపించెను. హక్కులన్నియు కలిపి వారికి ముట్టినది 130 డాలర్లు. కోట్లు గడించిన ఆ బొమ్మ వారిది కాకపోయెను. ఎన్నో వ్యాజ్యములు నడచిన పిమ్మట, 1975లో గాని వారికి వార్షిక భృతియు, సృష్టికర్తలుగా పేరు వేయు గౌరవమును లభింపలేదు. అందుచేత 1978 నాటి చిత్రమున వారి పేర్లు తెరపై కనిపించినపుడు, కథ యింకను మొదలుకాకముందే, మేము కొన్ని మార్కులు వేసితిమి. మనుమడు అది అన్యాయమనెను. ఆక్షేపణ నమోదు చేసికొంటిమి.

రేడియో శ్రోతలకు ప్రీతి కలిగించు విశేషము మరియొకటి కలదు. సూపర్‌మాన్ వెండితెర కెక్కుటకు ముందే రేడియో కెక్కెను. 1940 ఫిబ్రవరిలో ప్రారంభమైన ఆ ధారావాహిక 1951 వరకు సాగినది. బడ్ కాలియర్ అను నటుడు ఎక్కువ కాలము ఆ పాత్రకు కంఠమిచ్చెను. పత్రికావిలేఖరి క్లార్క్ కెంట్ మాటలాడునపుడు సన్నని గొంతు. వేషము మార్చి సూపర్‌మాన్ అగు క్షణమున, ఒకే వాక్యము నడుమ, ఆ గొంతు మెట్లు దిగినట్లు దిగి గంభీరమగును. వినువారికి దుస్తులు కనబడవు, రంగులు కనబడవు. ఒక్క స్వరభేదము చేతనే ఇద్దరు మనుష్యులు ఏర్పడుదురు. అతని బలమును హరించు క్రిప్టనైట్ అను రాయియు మొదట 1943లో రేడియోలోనే వినిపించి, పిదప పుస్తకముల కెక్కినది. 1946లో ఆ ధారావాహికయే ముసుగులు ధరించి జాతిద్వేషమును రేపు ముఠాను కథావస్తువుగా తీసికొని, పిల్లల కార్యక్రమము ద్వారా పెద్దలకు బుద్ధి చెప్పినది.

వినిపించుట సులభమే; చూపించుట యెట్లు? 1948లో కిర్క్ ఆలిన్ నటించిన పదునైదు భాగముల సీరియల్‌లో, ఎగురవలసిన క్షణము వచ్చుసరికి నటుడు మాయమై అతని స్థానమున చేతితో గీసిన బొమ్మ ఎగిరిపోవును. దిగినపిదప మరల నటుడు ప్రత్యక్షమగును. ముప్పది యేండ్ల తరువాత, 1978 చిత్రమునకు జోరన్ పెరిసిక్ అను నిపుణుడు ఒక ఉపాయము పన్నెను. వెనుక దృశ్యమును ప్రసరించు యంత్రమునకును, ఛాయాగ్రహణ యంత్రమునకును దూరమును దగ్గరగా చూపు కటకములు అమర్చి, రెండింటిని ఒకే లయలో నడిపించెను. దానివలన వెనుకనున్న మేఘములు మారకయే, ముందు వ్రేలాడుచున్న నటుడు మన మీదికి దూసికొని వచ్చుచున్నట్లు భ్రమ కలుగును. నేడు గణకయంత్రము ఎవరినైనను ఎగిరింపగలదు. కనుక ఎగురుటకు మార్కులు లేవని సభలో ప్రకటించితిమి. దీనిపై పెద్ద గొడవ జరిగినది.

ఇక మా కొలబద్ద. సర్వశక్తిమంతుడు చేయజాలని పని యేది అను ప్రశ్నను ఆ చిత్రము వేసినదా, లేదా? ఇదియే మేము చూచినది.

1978 చిత్రమున బాల్యఘట్టము ఒకటి కలదు. క్లార్క్ పల్లెలో పెరుగుచున్న యువకుడు. రైలుతో పందెము పరుగెత్తి గెలువగలడు. పెంపుడుతండ్రి జోనథన్ కెంట్, గ్లెన్ ఫోర్డ్ నటించిన ఆ రైతు, ఇంటిముందు దారిలో నడచుచు నడచుచు గుండె పట్టుకొని కుప్పకూలును. అంతియే. శత్రువు లేడు, ఆయుధము లేదు, తన్నుటకు గోడ లేదు. శ్మశానమున ఆ కుర్రవాడు ఇన్ని శక్తులుండియు తండ్రిని బ్రతికించుకొనలేకపోతినని తల్లితో అనును. ఇక్కడొక ముచ్చట: తెరపై కనిపించు ముఖము జెఫ్ ఈస్ట్ అను నటునిది, కంఠము మాత్రము క్రిస్టఫర్ రీవ్‌ది. పెద్దవాని గొంతు పిన్నవాని దుఃఖమును పలికినది.

మా తండ్రిగారు పోయినప్పుడు మేము ఇరువది రెండేండ్ల వారము. బలము గలవారమే, వడ్లబస్తా భుజమున వేసికొని మేడమెట్లు ఎక్కెడివారము. మంచముపట్టె పట్టుకొని తెల్లవారులు నిలుచుంటిమి. నిలుచుండుట తప్ప చేతనైన దేమియు లేకపోయెను. ఈ ఘట్టము చూచుచున్నపుడు మనుమడు మా వంక చూచి, చేతిలోని జంతికల గిన్నెను ప్రక్కన పెట్టెను.

ఆ చిత్రమున మరియొక రెండు నిమిషములు మాకు కంఠస్థమైనవి. లోయిస్ లేన్ ఇంటిలో క్లార్క్ ఒంటరిగా నిలిచియుండును. ఆమె లోపలి గదిలో ఉన్నది. తానెవరో చెప్పివేయవలెనని ఆతనికి తోచును. కండ్లజోడు తీయును, వంగిన భుజములు నిటారగును, ఎత్తు పెరిగినట్లగును, స్వరము దిగును. ఆమె వచ్చులోపల ధైర్యము చాలక మరల జోడు పెట్టుకొని కూనారిల్లిపోవును. ఏ యంత్రకౌశలమును లేదు. రేడియోలో కాలియర్ కంఠముతో చేసిన పనిని రీవ్ వెన్నెముకతో చేసెను. దర్శకుడు రిచర్డ్ డానర్, సంగీతకర్త జాన్ విలియమ్స్, మార్లన్ బ్రాండో వంటి మహానటులు ఆ చిత్రమునకు ఎంత చేసినను, మా దృష్టిలో ఈ రెండు నిమిషములే దానిని ముందు నిలిపినవి.

1980 నాటి రెండవ చిత్రము మా ప్రశ్నను మరింత సూటిగా వేసినది. ప్రేమ కొరకు సూపర్‌మాన్ తన శక్తులను వదలుకొనును. దారిప్రక్క భోజనశాలలో ఒక లారీ డ్రైవరు చేతిలో దెబ్బలు తిని, తన నెత్తురును తానే మొదటిసారి చూచి నివ్వెరపోవును. ఎంత చక్కని ఘట్టము! అయితే కడపట, శక్తులు తిరిగి వచ్చినపిదప, అతడు పనిగట్టుకొని ఆ భోజనశాలకు పోయి ఆ డ్రైవరును చితుకగొట్టును. జనము నవ్వుదురు, మా మనుమడును నవ్వెను. మాకు మాత్రము రుచింపలేదు. దెబ్బ తగులని వాడు దెబ్బ తగులువానిని కొట్టుటలో శౌర్యమేమున్నది? ఈ చిత్రమునకు ఇద్దరు దర్శకుల చేతులు తగిలినవి. డానర్ చాల భాగము తీసినపిమ్మట నిర్మాతలు అతనిని తొలగించి రిచర్డ్ లెస్టర్ చేత పూర్తి చేయించిరి. డానర్ తీసిన భాగములను కూర్చిన వేరొక ప్రతి 2006లో వెలువడినది. మేము వరుసకు తీసికొన్నది థియేటర్లలో ఆడిన ప్రతినే.

మూడవది, 1983 నాటిది, లెస్టర్ తీసినదే. హాస్యనటుడు రిచర్డ్ ప్రయర్ కొరకు వ్రాసినట్లుండును. పాడుబడిన కార్ల దిబ్బలో దుష్టుడైన సూపర్‌మాన్, సాధువైన క్లార్క్ ఒకరితో నొకరు పెనుగులాడు ఘట్టము మాత్రము అమూల్యము. తక్కినది మరచిపోయినను నష్టము లేదు.

1987 నాటి నాలుగవ చిత్రమును గూర్చి కొంత నిలిచి చెప్పవలెను. దానిని అందరును అట్టడుగున పెట్టుదురు. మేమును అక్కడనే పెట్టితిమి, కాని కలము వణకినది. ఒక బడిపిల్లవాడు సూపర్‌మాన్‌కు ఉత్తరము వ్రాయును: అణ్వాయుధములను లేకుండ చేయుమని. అతడు వానినన్నింటిని ఒక పెద్ద వలలో మూటగట్టి సూర్యునిలో విసరివేయును. అయినను లోకము బాగుపడదు. శాంతిని తానొక కానుకగా ఈయజాలనని, దానిని జనులే కోరుకొనవలెనని చివరకు ఒప్పుకొనును. ఏడు చిత్రములలోను ఇంతకంటె పెద్ద ప్రశ్న వేసిన చిత్రము లేదు. కథారచనలో రీవ్ పాలు పంచుకొనెను. ఆ విషయముపై అతని పట్టుదల చేతనే అది తయారైనది. కాని నిర్మాణసంస్థ వ్యయమును సుమారు సగమునకు కోసివేసినది. న్యూయార్క్‌లోని ఐక్యరాజ్యసమితి భవనమునకు బదులు ఇంగ్లండులోని మిల్టన్ కీన్స్ రైలుస్టేషను ముంగిట తీసిరి. ఎగురు దృశ్యమొకటి మాటిమాటికి తిరిగివచ్చును. మా మనుమరాలు సైతము, “మళ్ళీ అదే!” అని మూడుసార్లు అన్నది. సమాధానము తెలిసిన విద్యార్థికి కాగితము చాలనట్లున్నది ఆ చిత్రము. మార్కులు వేయునది వ్రాసినదానికే గదా, తలచినదానికి కాదు.

ఆ సంవత్సరాంతముననే చిలీ దేశమున సైనికపాలన క్రింద నున్న 77 మంది నటులకు చంపుదుమని బెదరింపులు వచ్చినవి. రీవ్ విమానమెక్కి శాంటియాగో నగరమునకు పోయి వారి సభలో వారి ప్రక్కన నిలిచెను. అక్కడ వలయు లేదు, యంత్రకౌశలమును లేదు. ఇది చిత్రమునకు మార్కులు తేజాలదు. కాని పిల్లలకు చెప్పకుండ ఉండలేకపోతిమి. 1995లో గుఱ్ఱము మీదనుండి పడి రీవ్ మెడనుండి క్రిందికి చలనము కోల్పోయిన సంగతియు, 2004లో మరణించువరకు చక్రములకుర్చీ నుండియే పనిచేసిన సంగతియు వారికి ముందే తెలియును.

2006 నాటి చిత్రము బ్రయన్ సింగర్ తీసినది. 1978 చిత్రమును పూజామందిరమున నుంచి ప్రదక్షిణము చేసినట్లుండును. బ్రాండన్ రౌత్ రూపమున రీవ్‌ను తలపించును. కూలుచున్న విమానమును క్రీడాస్థలమున మెల్లగా దింపు ఘట్టము బాగున్నది. కాని అతడు రాత్రివేళ పరుల ఇంటి బయట గాలిలో నిలిచి గోడల గుండ లోనికి చూచుట మాకును, మా గృహిణికిని అభ్యంతరకరముగా తోచినది.

ఇక సభలో రణము జరిగినది 2013 నాటి జాక్ స్నైడర్ చిత్రముపై. మనుమడు దానికి ప్రథమ స్థానము కోరెను. మేము చిట్టచివరి స్థానము నీయబోతిమి. అందు నగరములో సగము కూలిపోవును. కడపట సూపర్‌మాన్ శత్రువు మెడ విరిచి చంపును. అంతకంటె మమ్ము బాధించినది తండ్రి మరణము. అక్కడ కెవిన్ కాస్ట్‌నర్ నటించిన జోనథన్ సుడిగాలిలో చిక్కుకొనును. కొడుకు రెప్పపాటులో రక్షింపగలడు. తండ్రి చేయెత్తి వద్దని వారించును. నీవెవరవో లోకమునకు తెలిసిన అపాయమని ఆయన భయము. కొడుకు నిలుచుండి చూచును. “1978లో చేయలేకపోయాడు, వీడు చేయగలిగీ ఊరుకున్నాడు. ఇదేం కథరా?” అంటిమి.

“ఊరుకోవడం తేలికనుకున్నావా తాతయ్యా? నాన్న మాట వినడం కూడా కష్టమే గదా!” అనెను వాడు.

మేము కోపపడుచుండగా వత్తులు చేసికొనుచున్న మా గృహిణి తలయెత్తి, “ఏమండీ, హనుమంతుడు మాత్రం లంకలోనుంచి సీతమ్మను వీపున ఎక్కించుకొని తేలేకపోయాడా? తెస్తానన్నాడు. ఆ తల్లి వద్దన్నది. ఊరుకోలేదూ?” అన్నది.

సభ నిశ్శబ్దమైనది. సుందరకాండను ప్రతి సంవత్సరమును పారాయణము చేయు ఇంటిలో ఆ మాట మాకు తట్టకపోవుట సిగ్గు. తెలుగువారు సూపర్‌మాన్‌ను హనుమంతునితో ముడిపెట్టుట క్రొత్త కాదు. 1980లో వి. మధుసూదనరావు దర్శకత్వమున ఎన్.టి. రామారావు నటించిన తెలుగు ‘సూపర్‌మాన్’ చిత్రమున నాయకునకు శక్తి వచ్చునది పరలోకగ్రహము నుండి కాదు, ఆంజనేయుని అనుగ్రహము నుండియే. కాని మా గృహిణి చెప్పినది వేరు సంగతి. బలవంతుడు చేయజాలనిదేదో మాత్రమే మేము అడిగితిమి. చేయగలిగియు చేయకూడనిదేదో అడుగలేదు. కొలబద్దకు రెండవ వైపున గీతలు గీయవలసివచ్చినది. సీతమ్మ తన గౌరవముకొరకును, తన భర్త గౌరవముకొరకును వద్దన్నది. జోనథన్ భయముచేత వద్దనెను. ఆ భేదము ఉండనే యున్నది. అయినను మనుమని చిత్రము ఏడవ స్థానమునుండి నాలుగవ స్థానమునకు వచ్చినది. వాడింకను తృప్తి చెందలేదు.

2025 జూలైలో విడుదలయిన జేమ్స్ గన్ చిత్రమే మనుమరాలి కుక్క ఉన్న చిత్రము. ఆ కుక్క పేరు క్రిప్టో. దుడుకుది, మాట వినదు. చిత్రము ఓటమితో ప్రారంభమగుట మాకు నచ్చినది. డేవిడ్ కోరెన్‌స్వెట్ ధరించిన సూపర్‌మాన్ దెబ్బలు తిని అంటార్కిటికా మంచులో వచ్చి పడును. అతడు రెండు దేశముల మధ్య యుద్ధము నాపెను. ఎవరి అనుమతితో ఆపితివని లోయిస్ విలేఖరిగా నిలదీయును. వారిద్దరి వాదము సుదీర్ఘముగా నడచును, కోపములు పెరుగును, ఇంటిలో భార్యాభర్తల తగవు వలె ఉండును. 1987 చిత్రము డబ్బుచాలక నలిపివేసిన ప్రశ్నయే ఇక్కడ ఊపిరి పీల్చుకొనినది. కూలుచున్న మేడల నడుమ ఒక ఉడుతను కాపాడు క్షణమొకటి కలదు. అది వ్యర్థమని మనుమడు, అదియే చిత్రమని మనుమరాలు. మేము మనుమరాలి పక్షము. అందు టెలివిజన్ వార్తాహరుడుగా ఒక క్షణము కనిపించు యువకుడు క్రిస్టఫర్ రీవ్ కుమారుడు విల్ రీవ్.

చివరకు కాగితముపై నిలిచిన వరుస ఇది: 1978 మొదటిది, 2025 రెండవది, 1980 మూడవది, 2013 నాలుగవది, తరువాత క్రమముగా 2006, 1983, 1987. మనుమడు సంతకము పెట్టనని భీష్మించి, నానమ్మ మాటపై పెట్టెను.

కాగితము మడచి పెట్టబోవునప్పుడు మనుమరాలు ప్రశ్న వేసినది. 1978 చిత్రమున కడపట భూకంపములో లోయిస్ మరణించును. సూపర్‌మాన్ దుఃఖము పట్టలేక, మానవచరిత్రలో జోక్యము చేసికొనవద్దన్న కన్నతండ్రి ఆజ్ఞను మీరి, భూమి చుట్టును తిరిగి కాలమును వెనుకకు త్రిప్పి ఆమెను బ్రతికించుకొనును.

“తాతయ్యా, లోయిస్ కోసం కాలాన్ని తిప్పినవాడు, వాళ్ళ నాన్న కోసం ఎందుకు తిప్పలేదు?”

అప్పటికతడు చిన్నవాడు, ఆ శక్తి తనకున్నదని తెలియదు అంటిమి. తరువాతనైన తెలిసినది గదా, అప్పుడు త్రిప్పవచ్చును గదా అన్నది. కాలము త్రిప్పు ఘట్టమును నిర్మాతలు మొదట రెండవ చిత్రమునకు ఉద్దేశించి, మొదటిదానికి గట్టి ముగింపు కావలెనని ముందుకు జరిపిరని తెలిపితిమి. అది నిజమే. కాని ఆ పిల్ల అడిగినది నిర్మాతలను గూర్చి కాదు. ప్రథమ స్థానమును మేము మార్చలేదు. ఆ చిత్రమునకు వేసిన మార్కులలో నుండి పది తగ్గించి, కాగితమును ఆ పిల్ల చేతికే ఇచ్చితిమి.